పదకొండు లైకులు

కుతాయిసి నగరం నీళ్ల ఆఫీసులో
మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల నాది.
పేరు నేస్తాన్. ఆ ఊరి కుళాయిలకి నోరు నేను.
పైపు పగిలితే, పంపు ఆగితే
ముందు నాకు చెబుతారు, నేను అందరికీ చెబుతాను.

సోమవారం సోమవారం లెక్క చూపాలి.
గోడ మీద తెర వెలుగుతుంది,
వాఖ్తాంగ్ గారు కళ్లజోడు నుదుటి మీదికి తోస్తారు.
పంపుహౌసులో ఇరుక్కున్న పిల్లికూన ఫొటోకి
నాలుగు వేల రెండొందల లైకులు.
"గురువారం ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా
గుట్ట మీది వీధులకు నీళ్లు రావు":
దీనికి పదకొండు.
అందులో మూడు మనవే. నాది, డ్రైవరుది, మా అత్తది.

"జనానికి పట్టడం లేదమ్మాయ్" అన్నారాయన.
"ఎంగేజ్‌మెంట్ అడుగంటింది.
నీళ్ల కబురుకి కూడా ఒక పిల్లిని తగిలించు."
తగిలించాను.
పిల్లి అందరికీ కనిపించింది. తేదీ ఎవరికీ కనిపించలేదు.
ఆ గురువారం నూట అరవై ఫోన్లు.
అవి కూడా ఎంగేజ్‌మెంట్ కిందికే వస్తాయా అని
అడగబోయి మానేశాను.

రాజధాని నుంచి గోచా అనే శిక్షకుడొచ్చి
ప్రశ్నలు అడగమన్నాడు, రాత్రి తొమ్మిదికి అడగమన్నాడు.
అడిగాను: "మీ ఇంట్లో నీళ్లు ఎప్పుడు ఎక్కువ అవసరం?"
ఒకే ఒక్క జవాబు: "ఇప్పుడు."

తర్వాతి నెల ఏమీ తగిలించలేదు.
తేదీ, వేళ, వీధుల పేర్లు.
తొమ్మిది లైకులు.

ఆ బుధవారం రాత్రి బస్సు దిగి
మెట్లదారి ఎక్కుతుంటే వినపడింది.
మొదట ఒక ఇంట్లో, తర్వాత పక్కింట్లో,
తర్వాత గుట్ట గుట్టంతా
పాత్ర అడుగున పడే నీళ్ల బొంగురు గొంతు
నిండేకొద్దీ సన్నబడి, సన్నబడి
అంచుకొచ్చేసరికి ఈల.
ద్రాక్షపందిరి కింద బకెట్లు, సూపు గిన్నెలు,
పచ్చళ్ల జాడీలు, పసిపిల్ల స్నానం తొట్టి,
ఎవరిదో పెళ్లినాటి వెండి కూజా కూడా.
మూతలు పడ్డాయి. దీపాలారిపోయాయి.
నిండుకుండలు. తొణకడం వాటి పని కాదు.

ఎతేరి బామ్మకి ఫోనే లేదు.
నాలుగో అంతస్తు కుర్రాడు రెజో
మెట్ల మధ్య నిలబడి, పైకీ కిందికీ కేకేసి చదువుతాడట.
ఆ కేకకి తొమ్మిది తలుపులు తెరుచుకుంటాయి.
నా తెర మీద వాడు ఒక్క అంకె.
నాలుగు సెకన్లు చూసి వెళ్లిపోయాడు అని ఉంటుంది.
ఎక్కడికి వెళ్లాడో ఉండదు.

ఇక జుంబెర్.
పోస్టు పెట్టిన నిమిషానికి వచ్చి
"సిగ్గుందా మీకు" అంటాడు. మూడేళ్లుగా అదే మాట.
వాఖ్తాంగ్ గారు తీసెయ్యమంటారు, నేను తియ్యను.
ఫిబ్రవరిలో జ్వరం మీద
పద్నాలుగుకి బదులు పదిహేను కొట్టాను.
ఎవరూ ఏమీ అనలేదు. జుంబెర్ అన్నాడు:
"పదిహేను శనివారం. మీరు రాసింది శుక్రవారం.
సిగ్గుందా మీకు."
ముప్పై వేల మందిలో
అక్షరం అక్షరం చదివేవాడు ఆ తిట్టేవాడొక్కడే.
దిద్దాను. థాంక్స్ అని రాశాను.
జవాబు లేదు. లైకు కొట్టాడు.
ఇంతవరకూ ఆయన కొట్టింది అదొక్కటే.

రేపు మళ్లీ సోమవారం.
పట్టికలో గళ్లున్నాయి:
చేరినవారు, చూసినవారు, నొక్కినవారు, పంచినవారు.
చివర ఇంకో గడి గీసి
"నింపుకున్నవారు" అని రాశాను.
కింద ఏ అంకె వెయ్యాలో తోచక
చాలాసేపు కూర్చుని, చెరిపేశాను.

వంటింట్లో కుళాయి కింద పెద్ద గిన్నె పెట్టి వచ్చాను.
గొంతు సన్నబడుతోంది, లేవాలి.
ఈసారి నా పోస్టుకి నేను కూడా లైకు కొట్టలేదు.
చేతులు తడిగా ఉన్నాయి.